డ్యూటీ దిగనివాళ్ళు

"పాపని మాత్రం..." అని మేట్రనక్క ఫోన్లో అంటుండగానే, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె హెడ్‌సెట్ తీగను ఊడబెరికింది.

ఆ చెయ్యి మా టీమ్ లీడర్‌ది. అతనూ నర్సింగ్ చదివినవాడే. వార్డులో మగ నర్సును బ్రదర్ అంటారు కాబట్టి మేమూ అతన్ని బ్రదర్ అనే పిలిచేవాళ్ళం. అతని వెనక ఫ్లోర్ మేనేజరు, ఆయన వెనక ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు నిలబడి ఉన్నారు. మేట్రనక్క ఊడిన తీగను చూసింది, తర్వాత బ్రదర్ ముఖంలోకి చూసింది.

"ఆ తల్లి ఇంకా లైన్లో ఉందిరా" అంది.

"టైమ్ అయిపోయిందక్కా. స్క్రీన్ ఎర్రగా వెలుగుతోంది. నన్నేం చెయ్యమంటావు?"

"పాపకి పెదాలు నల్లబడుతున్నాయిరా. ఊపిరి తీస్తుంటే డొక్క లోపలికి పోతోంది. ఎలా ఎత్తుకుని తీసుకెళ్ళాలో చెప్తున్నాను."

"నడువమ్మా" అన్నాడు మేనేజరు. సెక్యూరిటీ అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. సంచీ తీసుకోనివ్వలేదు. ఆమె మంచినీళ్ళ సీసా మూత తీసినది తీసినట్టే బల్లమీద ఉండిపోయింది. పోతూ పోతూ, "ఆ నంబరుకి ఎవరైనా తిరిగి చెయ్యండర్రా" అంది. మా స్క్రీన్ల మీద నంబర్లు కనపడవు, వాటి చోట చుక్కలుంటాయి. ఆ సంగతి మాకంటే ముందు ఆమెకే తెలుసు. అయినా అడిగింది.

నేను ఆమె పక్క కుర్చీలోనే ఉన్నాను. ఫ్లోర్‌లో అందరూ నన్ను వసపిట్ట అంటారు, గుక్క తిప్పుకోకుండా వాగుతానని. ఆ పూట వసపిట్ట బెల్లం కొట్టిన రాయి అయిపోయింది. ఫ్లోరంతా అంతే. తలలు వంచుకుని ఎవరి స్క్రీన్‌లోకి వాళ్ళం దూరిపోయాం. నా తర్వాతి కాల్ ఎత్తి "నమస్కారం, మీ ఆరోగ్యమే మా ఆనందం" అని చదివాను.

చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా, రేపో మాపో నర్సింగ్ పట్టా పుచ్చుకోబోయేవాళ్ళారా! నన్నిక్కడికి పిలిచి ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా దగ్గర ఆ సరుకు లేదు. భయం కావాలంటే బస్తాలకొద్దీ ఉంది, ఎంతైనా పంచిపెడతాను. నర్సింగ్ కౌన్సిల్ ముందు మా కేసు ఇంకా నడుస్తోంది. పిలుపు వచ్చిన ప్రతిసారీ నాకు ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి. ఆ వణుకుతోనే చెప్తున్నాను, వినండి.

మాది ఆరోగ్య సలహాల కాల్ సెంటర్. బీమా కంపెనీలు తమ జనానికి ఒక నంబరు ఇస్తాయి, ఒంట్లో బాగోకపోతే ముందు ఇక్కడికి ఫోన్ చేయండి, నర్సు మాట్లాడుతుంది అని. ఆ నర్సులం మేము. దొంగ నర్సులం కాదు, రాత్రింబవళ్ళు వార్డుల్లో నిలబడి చదువుకున్నవాళ్ళం. మరి ఆసుపత్రిలో ఉండక ఇక్కడేం పని అంటారా? ఆసుపత్రివాడు అనుభవం లేదంటాడు. అనుభవం కోసమని ఊరికే చాకిరీ చేయించుకుంటాడు. కాంట్రాక్టు అయ్యాక చెయ్యి ఊపుతాడు. అక్కడ ఒక్క నర్సు వార్డంతా పరిగెడుతూ చస్తుంటే, ఇక్కడ గదినిండా నర్సులం చెవులకు డిప్పలు తగిలించుకుని కూర్చుంటాం.

స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, చదవాలి. జవాబు నొక్కాలి. చివర్న సలహా వస్తుంది, అదీ చదవాలి. సొంత బుర్ర వాడితే నేరం. ఒక్కో ఫోనుకి ఇంతసేపని లెక్క ఉంటుంది, అది దాటితే స్క్రీన్ ఎర్రగా వెలుగుతుంది. ఆ సలహా చాలాసార్లు ఒక్కటే: ఇంట్లోనే విశ్రాంతి తీసుకోండి, తగ్గకపోతే రేపు మళ్ళీ చేయండి. మనిషి ఆసుపత్రి గడప తొక్కితే బీమావాడికి ఖర్చు. తొక్కకుండా ఆపితే మా కంపెనీకి మెప్పు. ఎక్కువమందిని ఆసుపత్రికి పొమ్మన్నవాళ్ళను కోచింగ్ అని గాజుగదిలోకి పిలుస్తారు. అందులోకి వెళ్ళినవాళ్ళు బయటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడరు.

అక్కడ ఎవరూ నిలవరు. ఒక బ్యాచ్ వస్తుంది, గొంతులు పోగొట్టుకుంటుంది, నిద్ర పోగొట్టుకుంటుంది, వెళ్ళిపోతుంది. ఇంకో బ్యాచ్ వస్తుంది. జీతం పెంచమంటే ముఖం మాడ్చుకునే కంపెనీ, మానేస్తానంటే మాత్రం కేకు తెప్పించి చప్పట్లు కొడుతుంది. మొదట్లో నేను కూడా ఆ కేకు తిని, ఎంత మంచి కంపెనీయో అనుకున్నాను. కొత్త బ్యాచ్‌కి ట్రైనింగ్ కింది అంతస్తులో. వాళ్ళ లిఫ్ట్ వేరు, వాళ్ళ భోజనాల వేళ వేరు. పోయేవాళ్ళ మొహం వచ్చేవాళ్ళు చూడరు. ఇదంతా ఏదో సౌకర్యం కోసమనుకునేవాళ్ళం.

మేట్రనక్కని గెంటేసిన మర్నాడు మేనేజరు నన్ను గాజుగదిలోకి పిలిచాడు.

"నిన్ను వసపిట్ట అంటారట కదమ్మా. మంచిదే. శుక్రవారం విచారణ ఉంది, అక్కడ కూడా బాగా మాట్లాడాలి."

"ఏం మాట్లాడాలి సార్?"

"నువ్వు విన్నదే. ఆవిడ స్క్రిప్ట్ వదిలేసింది. తప్పు సలహా ఇచ్చింది. ఆ తల్లిని హడలగొట్టింది. అంతే."

"తప్పు సలహా ఏంటి సార్?"

ఆయన నవ్వాడు. నవ్వితే ఇంకా భయం వేసింది. "అది నీకెందుకు? పైన కౌన్సిల్ వాళ్ళు చూసుకుంటారు. ఆవిడ రిజిస్ట్రేషన్ ఎలాగూ పోతుంది. చిన్నపిల్లవి, నీది కూడా ఎందుకమ్మా పోగొట్టుకోవడం?"

మీకు రిజిస్ట్రేషన్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అది ఉంటేనే నర్సు. అది కొట్టేస్తే దేశంలో ఏ ఆసుపత్రి గుమ్మమూ తెరుచుకోదు, ఏ రోగి ఒంటిమీదా చెయ్యి వెయ్యడానికి ఉండదు. చదివిన చదువు గంగలో కలిసినట్టే. కంపెనీ ఎత్తు ఏమిటో గాజుగదిలోంచి బయటికి వచ్చాక అర్థమైంది. ఆ పాపకి జరగరానిది ఏమైనా జరిగి, తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, ఇదిగో ఈ నర్సు తప్పు అని చూపించడానికి వాళ్ళకు ఒక మనిషి కావాలి. మేట్రనక్కని ఆ పనికి సిద్ధం చేస్తున్నారు. దానికి సాక్షిని నేను.

రికార్డింగ్ ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది. అది కంపెనీ పెట్టెలో ఉంటుంది. వాళ్ళకు ఎంత కావాలో అంతే వినిపిస్తారు.

మేట్రనక్కకి ఆ పేరు పెట్టింది మేమే. ఆమె ఎప్పుడూ మేట్రన్ కాలేదు, కానివ్వలేదు కూడా. పిల్లల వార్డులో ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద చేసి, కొత్తవాళ్ళు చవగ్గా దొరుకుతున్నారని తీసేస్తే ఇక్కడికి వచ్చింది. ఎక్కడున్నా రిజిస్ట్రేషన్ మాత్రం తప్పకుండా రెన్యూ చేయించుకునేది. ఏదో ఒక రోజు మళ్ళీ వార్డుకి వెళ్తానని ఆమె ఆశ. మాకెవరికి జ్వరం వచ్చినా స్క్రీన్‌ని అడిగేవాళ్ళం కాదు, ఆమెనే అడిగేవాళ్ళం.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ ఆసుపత్రిలో ఆయా. నేలలు తుడిచి తుడిచి, తెల్ల బట్టల నర్సుల్ని చూసి చూసి, నా కూతుర్ని కూడా ఇలా నిలబెడతానని పట్టుబట్టిన మనిషి. నేను కాల్ సెంటర్లో ఉన్న సంగతి ఆమెకు తెలుసు. వీధిలో వాళ్ళకి మాత్రం "మా అమ్మాయి పెద్దాసుపత్రిలో సిస్టరు" అని చెప్పుకుంటుంది.

జరిగింది చెప్పాను.

"నోరు మూసుకుని వాళ్ళు చెప్పమన్నది చెప్పెయ్యవే. పెద్దోళ్ళతో మనకెందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల!"

"అక్క రిజిస్ట్రేషన్ పోతుందమ్మా."

"నీది పోతే? నా రెక్కలు ముక్కలు చేసుకుని చదివించాను. నీది పోతే నేనేం కావాలే?"

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఇంతకీ ఆ పిల్ల ఏమైందే?" అంది.

"తెలియదమ్మా."

"తెలీకపోవడమేంటి? ఎవరూ కనుక్కోలేదా?"

"నంబరు కనపడదు. నిన్న రాత్రి అక్కకి ఫోన్ చేస్తే చెప్పింది. పాపని మాత్రం పడుకోబెట్టొద్దు, నిటారుగా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళు అని చెప్పబోయిందట. 'పాపని మాత్రం' వరకే వినపడింది ఆ తల్లికి. ఈలోపు తీగ పీకేశారు."

"అయ్యో, అయ్యో" అంది అమ్మ. అలా చాలాసేపు అంటూనే ఉంది. సాక్ష్యం సంగతి మళ్ళీ ఎత్తలేదు. నాకు అన్నం సయించలేదు. కళ్ళు మూసుకుంటే ఎవరో తల్లి, చెవికి ఫోన్ ఆనించుకుని, మాట కోసం ఎదురుచూస్తూ కనపడేది. పాపని మాత్రం ఏం చెయ్యాలి? పాపని మాత్రం ఏం చెయ్యకూడదు?

సెలవు రోజు పొద్దున్న మేముండే కంపెనీ హాస్టల్లో బట్టలుతికే చోట ఫ్లోర్ వాళ్ళం కలుసుకున్నాం. ఆడపిల్లల హాస్టల్‌కీ, మగపిల్లల హాస్టల్‌కీ మధ్య కుళాయిలున్న గచ్చు ఒక్కటే ఉంది. వార్డెన్ కంపెనీ మనిషి. అందుకని కుళాయిలన్నీ తిప్పేసి, ఇద్దరు బట్టలు బాదుతుంటే మిగతావాళ్ళం మాట్లాడుకున్నాం. మేట్రనక్కని హాస్టల్లోంచి కూడా గెంటేశారు. ఆమె వెనక గేటు నుంచి మాసిన బట్టల మూట పట్టుకుని వచ్చింది. ఆమెను చూడగానే బుడంకాయ భోరుమంది. బుడంకాయ అంటే మాలో అందరికంటే చిన్నది, పొట్టిది. ఏడవడానికి దానికి కారణం అక్కర్లేదు.

ముందుగా మాట అందుకున్నది కళ్ళజోడు. మా ఫ్లోర్‌లో ఉన్న కొద్దిమంది మగ నర్సుల్లో అతనికి కోపం ఎక్కువ. "అందరం ఒకేసారి రాజీనామా పారేద్దాం. చచ్చినట్టు దిగొస్తారు."

"దిగిరారు నాయనా, కేకు తెప్పిస్తారు" అంది మేట్రనక్క.

అంత భయంలోనూ నవ్వొచ్చింది మాకు. ఆమె నవ్వలేదు. "నేను ఆసుపత్రిలో అదే చూశాను, ఇక్కడా అదే చూస్తున్నాను. మనం వెళ్ళిపోతామనే వాళ్ళ ధీమా. పాతబడితే జీతం అడుగుతాం. పాతబడితే ఇది తప్పు అంటాం. అందుకే పాతబడనివ్వరు. కోపమొస్తే మానేస్తాం, ఏదో పొడిచేశామనుకుంటాం. మర్నాటికి మన కుర్చీ వెచ్చగానే ఉంటుంది, ఇంకొకళ్ళు కూర్చుని ఉంటారు."

"అయితే మానెయ్యొద్దు. కుర్చీల్లోనే ఉండి ఫోన్లు ఎత్తకుండా సమ్మె చేద్దాం" అంది ఒకామె బట్టలు బాదడం ఆపి.

"నువ్వు బాదవే, వార్డెన్ వింటుంది!"

"ఎత్తకపోతే, అవతల ఆ పాపలాంటి పాప ఉంటేనో?" అంది బుడంకాయ ముక్కు తుడుచుకుంటూ.

మిగతా కార్మికులు యంత్రం ఆపుతారు, బండి ఆపుతారు. మేం ఆపితే ఆగేది ఎవరి ఊపిరో. దీన్ని చూసుకునే కదా కంపెనీవాడు మన నెత్తినెక్కి కూర్చున్నాడు!

"ఎత్తితే పని చేసినట్టేగా? అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే సమ్మె ఎలా అవుతుంది?" కళ్ళజోడు విసుక్కున్నాడు.

అప్పుడు నా నోరు పెగిలింది. "ఎత్తుదాం. కానీ స్క్రీన్ చదవొద్దు. నర్సులు మాట్లాడినట్టు మాట్లాడదాం. ఆసుపత్రికి పోవాల్సినవాళ్ళని పొమ్మందాం. ఎర్ర లైటు వెలిగితే వెలగనీ, వాళ్ళ మాట అయ్యేదాకా పెట్టెయ్యొద్దు. కంపెనీవాళ్ళు పొమ్మన్నా కుర్చీ దిగొద్దు."

"కౌన్సిల్‌కి రాస్తారు."

"అక్కొక్కదాని మీద రాస్తే అక్కది పోతుంది. అందరి మీదా రాస్తే?"

"అందరివీ పోతాయి" అంది బుడంకాయ.

కుళాయి నీళ్ళు గచ్చు నిండి కాళ్ళమీదికి పారుతున్నాయి. మేట్రనక్క మూట విప్పి బట్టలు తడుపుతూ, "నాకోసం ఎవరూ చెయ్యకండి. నాకు భయమేస్తోంది, మీవి కూడా పోతాయని" అంది. ఆమె గొంతులో వణుకు మొదటిసారి విన్నాను. ఇంతకాలం ఆమెకు భయం లేదనుకున్నాం. ఆమెకూ మాకులాగే భయమని తెలిశాక, ఎందుకో మరి, అక్కడినుంచి లేచిపోవాలని ఎవరికీ అనిపించలేదు. కళ్ళజోడు వంగి ఒక తడిచీర కొస అందుకుని ఆమెతోపాటు పిండడం మొదలుపెట్టాడు.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నించీ నేను బాత్రూమ్‌కి తిరుగుతూనే ఉన్నాను. గాజుగదిలో కంపెనీ పెద్దలు ముగ్గురు కూర్చున్నారు, పక్కన మేనేజరు. మేట్రనక్కని మూలన కుర్చీలో కూర్చోబెట్టారు. బ్రదర్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తన బూట్లు తప్ప ఇంకేమీ చూడడం లేదు.

"చెప్పమ్మా. ఆవిడ ఇచ్చిన తప్పు సలహా ఏమిటి?" అన్నాడు పెద్దాయన.

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "తప్పు సలహా ఇవ్వలేదు సార్. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. నా దగ్గరికి ఆ కాల్ వచ్చినా నేనూ అదే చెప్తాను."

"ఆలోచించుకుని మాట్లాడు."

"ఆలోచించుకునే వచ్చాను సార్. అన్నం కూడా తినలేదు" అన్నాను. ఏదో ఒకటి అనాలని అనేశాను.

మేనేజరు లేచాడు. ఈలోపు తలుపు తోసుకుని బుడంకాయ లోపలికి వచ్చింది. దాన్నెవరూ పిలవలేదు. మొహం పాలిపోయింది, కళ్ళనిండా నీళ్ళు. "నేనూ అదే చెప్తాను సార్. నా రిజిస్ట్రేషన్ నంబరు కూడా రాసుకోండి" అని గడగడా నంబరు ఒప్పజెప్పింది. దాని వెనక కళ్ళజోడు, అతని వెనక ఇంకొకరు, ఇంకొకరు. గది పట్టలేదు. గాజుగోడకి అవతల కూడా నిలబడ్డారు. ఒక్కొక్కరూ తమ నంబరు చెప్తున్నారు. ఒకామె మధ్యలో అంకె మరిచిపోయి, "ఆగండి సార్, ఆగండి, కంగారులో పోయింది" అని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. వీరులు ఇలా ఉంటారని ఏ పుస్తకంలోనూ రాయరు.

"నువ్వు చెప్పవయ్యా! నువ్వేగా అక్కడున్నది!" అని మేనేజరు బ్రదర్ మీద పడ్డాడు.

బ్రదర్ గుటక మింగాడు. "నాకు... సరిగ్గా వినపడలేదు సార్" అన్నాడు. గోడమీది పిల్లి. అయినా ఆ గదిలో కంపెనీకి మిగిలిన ఒక్క సాక్షీ అలా పోయాడు.

మేనేజరు ముఖం కందగడ్డ అయింది. "అందరూ డిస్మిస్! కార్డులు బల్లమీద పడేసి బయటికి నడవండి!"

మేం గాజుగదిలోంచి బయటికి నడిచాం. నడిచి, ఎవరి కుర్చీల్లో వాళ్ళం కూర్చున్నాం. మేట్రనక్క తన కుర్చీలో కూర్చుని ఆ ఊడిన తీగను మళ్ళీ దూర్చుకుంది. ఫోన్లు మోగుతున్నాయి. మా లాగిన్లు పీకేస్తే ఎత్తే నాథుడు లేడు, బీమావాడు వీళ్ళ పీక పట్టుకుంటాడు. అందుకని పీకలేదు. మేం ఎత్తాం. నాకు వచ్చిన మొదటి కాల్ ఒక ముసలాయనది. కాలు వాచిందన్నాడు. వాపు ఒక్క కాలికేనా, పిక్క నొప్పిగా ఉందా అని అడిగాను. స్క్రీన్ గోరువెచ్చని నీళ్ళ కాపడం పెట్టమంటోంది. "కాపడం వద్దు తాతా, పిసకొద్దు కూడా. ఎవర్నైనా తోడు తీసుకుని ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళు" అన్నాను. "నువ్వు నిజం నర్సువేనా తల్లీ?" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

మేనేజరు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. కాసేపటికి లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ఆ లిఫ్ట్ కింది ట్రైనింగ్ అంతస్తుది. అందులోంచి కొత్త బ్యాచ్ దిగింది. సగం శిక్షణ కూడా పూర్తి కాని పిల్లలు, కొత్త చెప్పులు, మెళ్ళో కొత్త కార్డులు. వాళ్ళను చూడగానే అయిపోయాం అనుకున్నాను. కుర్చీ వెచ్చగా ఉండగానే వచ్చేశారు.

"ఒక్కో కుర్చీ పక్కన ఒక్కొక్కరు నిలబడండి" అని అరిచాడు మేనేజరు. "పోలీసులొస్తున్నారు. వీళ్ళు లేవగానే కూర్చుని కాల్స్ అందుకోండి. వీళ్ళతో ఒక్క ముక్క మాట్లాడొద్దు."

వాళ్ళు వచ్చి నిలబడ్డారు. మనిషి పక్కన మనిషి. ఆ మేనేజరు జన్మలో వార్డు మొహం చూసినవాడు కాదు. చూసి ఉంటే ఆ పని చేయడు. నర్సు డ్యూటీలో ఉండగా ఇంకో నర్సు వచ్చి పక్కన నిలబడిందంటే దానికి ఒక్కటే అర్థం. డ్యూటీ అప్పగించాలి. ఈ మంచంమీద ఎవరు, ఏం జబ్బు, ఏ మందు ఇచ్చాం, దేనికి కనిపెట్టుకుని ఉండాలి, అన్నీ చెప్పాలి. చెప్పించుకోకుండా వచ్చినావిడ డ్యూటీ ఎక్కదు, చెప్పకుండా ఉన్నావిడ దిగదు. మొదటి ఏడాదిలోనే మన ఎముకల్లోకి ఇంకించే పద్ధతి అది.

నా పక్కన నిలబడిన పిల్ల బక్కపల్చగా ఉంది. పెదాలు కొరుక్కుంటోంది. నేను చెవిలో కాల్ వింటూనే, దాని వైపు తలతిప్పి అలవాటుగా మొదలుపెట్టేశాను.

"స్క్రీన్ ఇంట్లో ఉండమంటుంది, నమ్మకు. ముందు ఊపిరి ఎలా ఉందో అడుగు, రంగు అడుగు. ఎర్ర లైటు వెలిగితే భయమేస్తుంది, వెయ్యనీ. ఆ కుర్చీలో ఉన్నావిడ ఒక పసిపాపని ఆసుపత్రికి పంపినందుకు ఆవిడ రిజిస్ట్రేషన్ తీసేస్తామంటున్నారు. మేం ఒప్పుకోలేదు. అందుకని మా అందరివీ తీసేస్తామంటున్నారు."

ఆ పిల్ల కొంచెం వంగింది, సరిగ్గా వినపడాలని. తలెత్తి చూస్తే ఫ్లోరంతా అదే. ప్రతి కుర్చీలోంచీ గొంతు తగ్గించి చెప్తున్నారు, ప్రతి కుర్చీ పక్కనా ఒకరు వంగి వింటున్నారు. "మాట్లాడొద్దన్నానా!" అని మేనేజరు ఈ వరుస నుంచి ఆ వరుసకి పరిగెడుతున్నాడు. ఒకచోట ఆపితే ఇంకోచోట మొదలవుతోంది.

పోలీసులు వచ్చారు. ముందు మేట్రనక్కని లేపారు. ఆమె తన పక్కన ఉన్న పిల్ల భుజం తట్టి, తనంతట తనే నడిచింది. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు నా వైపు వచ్చారు. అప్పుడు నా లైన్లో ఒక ఇల్లాలు ఉంది. భర్తకి ఛాతీలో నొప్పి, చెమటలు పడుతున్నాయి, ఎడమ చెయ్యి లాగుతోందంటోంది. "ఆయన్ని నడిపించకమ్మా, మెట్లు ఎక్కించకు, అంబులెన్సుకి..." అంటుండగా నన్ను రెక్క పట్టుకుని లేపారు. హెడ్‌సెట్ జారి బల్లమీద పడింది. అందులోంచి సన్నగా ఆవిడ గొంతు. "అమ్మా? ఉన్నారా? అమ్మా, ఉన్నారా?"

ఆ క్షణం నేను పడ్డ భయం ముందు జైలు భయం ఎంత!

"ఛాతీనొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి, నడవనివ్వొద్దు!" అని అరిచాను. "అంబులెన్స్ ఇంకా పిలవలేదు!"

ఆ బక్కపల్చని పిల్ల హెడ్‌సెట్ అందుకుంది. చెవికి పెట్టుకోవడం రెండుసార్లు తప్పింది.

"కాల్ కట్ చెయ్యి!" మేనేజరు దాని మీదికి వచ్చాడు. "కొత్తగా స్క్రిప్ట్ మొదలుపెట్టు. లేదంటే నీ రిజిస్ట్రేషన్ కూడా పోతుంది, చెప్తున్నా!"

అది ఆయన్ని చూసింది. ఏడుస్తోంది. ఏడుస్తూనే అంది: "పేషెంట్‌ని నాకు అప్పగించింది ఈ అక్క సార్. మీరు కాదు."

నన్ను లిఫ్ట్ దాకా ఈడ్చుకెళ్తుంటే వెనక దాని గొంతు వినపడుతూనే ఉంది.

"ఉన్నానమ్మా. నేనూ నర్సునే. ముందు ఆయన్ని గోడకి చేరగిలబెట్టి కూర్చోబెట్టండి... నేనెక్కడికీ వెళ్ళను, లైన్లోనే ఉంటాను."